అంటు కట్టిన పాటలు

బంగినపల్లి టెంక పాతిపెడితే బంగినపల్లి రాదు. ఏదో ఒక మామిడి చెట్టు వస్తుంది, కాయలూ కాస్తుంది, ఆ రుచి మాత్రం రాదు. రుచి నిలవాలంటే అంటు కట్టాలి. ఆపిల్ సంగతీ అంతే. ఒక రకం బతకాలంటే దాని ముసలి చెట్టు కూలిపోయేలోగా ఎవరో ఒకరు వెళ్లి, పుల్ల కోసుకొచ్చి, ఇంకో లేత మొక్కకు అంటు కట్టాలి. ఎవరూ వెళ్లకపోతే ఆ పండు పేరు పాత జాబితాల్లో ఉంటుంది, పండు ఉండదు. ఇంగ్లండులోని హాంప్‌షైర్‌లో యాష్మన్స్‌వర్త్ అనే చిన్న పల్లె ఉంది. అక్కడ ఇల్లు కట్టుకుని 1939లో కాపురం పెట్టిన ఒక మనిషి ఈ పనిని పట్టుదలగా చేశాడు. కనుమరుగవుతున్న పాత ఇంగ్లిష్ ఆపిల్ రకాలను వెతికి తెచ్చి తన తోటలో పెంచాడు. వాటిలో కొన్ని ఆయన చేతి చలవ వల్లే మిగిలాయి. ఆయన వృత్తి వ్యవసాయం కాదు, సంగీతం. పేరు జెరాల్డ్ ఫింజీ.

ఈ ఏడాది, 2026 జులై 14కు, ఫింజీ పుట్టి 125 ఏళ్లు నిండాయి. ఈ సెప్టెంబరు 27కు ఆయన కన్నుమూసి 70 ఏళ్లవుతుంది. పుట్టిన తేదీ, పోయిన తేదీ రెండూ లెక్కకు వచ్చిన సంవత్సరం ఇది. తెలుగు పత్రిక సంపాదకీయంలో ఆయన పేరు రాయడానికి అదొక్కటే కారణం కాదు. ఫింజీ తన జీవితమంతా ఒక కవిని పాడుతూ బతికాడు. ఆ కవి థామస్ హార్డీ. ఇరవై ఏళ్ల వయసులో మొదలుపెట్టి, యాభై అయిదో ఏట చనిపోయేదాకా హార్డీ పద్యాలకు స్వరాలు కూరుస్తూనే ఉన్నాడు. పూర్తయి నిలిచిన పాటలే యాభై దాకా ఉన్నాయి. అసంపూర్తిగా మిగిలినవి వేరే. హార్డీకి లోకం వేసిన ముద్ర ఒక్కటే: నిరాశావాది. ఆ ముద్ర తప్పని ఈ పాటలు విన్నవాళ్లకు తెలుస్తుంది. మా నమ్మకం అది. ఈ మాటలు రాస్తున్నదీ అందుకే.

ముందు ఈ పాట ఏ రకందో చెప్పుకోవాలి. మనకు పాట అంటే వాగ్గేయకారుడు. త్యాగయ్యలో మాట పుట్టిన చోటే రాగమూ పుట్టింది. క్షేత్రయ్య పదంలో ఏది ముందు, ఏది వెనక అని అడగడానికే వీల్లేదు. యూరప్‌లో ఆర్ట్ సాంగ్ అని పిలిచే పాటలో ఇద్దరు ఉంటారు. ఒకరు కవి. తన పద్యం ఎవరైనా పాడతారన్న ఆలోచన లేకుండానే రాసి ఉంటాడు. చాలాసార్లు చనిపోయి కూడా ఉంటాడు. రెండోవాడు స్వరకర్త. ఆ పద్యాన్ని అచ్చు పుస్తకంలోంచి తీసుకుని, ఒక గొంతుకు, ఒక పియానోకు, ప్రతి స్వరమూ కాగితం మీద రాసి పెడతాడు. గాయకుడు అందులో సంగతులు వేయడానికి ఉండదు, పియానో వాయించేవాడు సొంతంగా ఏదీ కలపడానికి ఉండదు. మన దగ్గర దీనికి కాస్త దగ్గరగా వచ్చేది రేడియో లలిత గీతం. కృష్ణశాస్త్రి మాటల్ని ఇంకొకరు బాణీ కట్టి పాడుతుంటే విన్న తరానికి ఈ ఇద్దరి కలయిక కొత్త కాదు. కృష్ణశాస్త్రి కూడా కన్నీళ్ల కవి అనిపించుకున్నవాడే.

ఒక వేరు మీద ఇంకో చెట్టు పుల్ల కట్టడం లాంటిదే ఈ పని. అతుకు సరిగ్గా పడకపోతే పుల్ల ఎండిపోతుంది. పడితే రెండు చెట్లు ఒక చెట్టవుతాయి.

హార్డీని మన కాలేజీల్లో ఇంగ్లిష్ సాహిత్యం చదివినవాళ్లు నవలాకారుడిగానే ఎరుగుదురు. ఆయన టెస్ నవల చదివి ఏడ్చినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. 1895లో వచ్చిన జూడ్ నవల మీద ఇంగ్లండులో పెద్ద దుమారం రేగింది. ఒక బిషప్ ఆ పుస్తకాన్ని నిప్పుల్లో పడేశానని బహిరంగంగా చెప్పుకున్నాడు. హార్డీ ఆ తర్వాత కొత్త నవల రాయలేదు. 1898లో, యాభై ఎనిమిదేళ్ల వయసులో, మొదటి పద్యాల పుస్తకం అచ్చు వేశాడు. ఇంకో ముప్ఫై ఏళ్లు పద్యాలే రాశాడు. మొత్తం తొమ్మిది వందలకు పైగా. చివరి పుస్తకం ఆయన పోయాక, 1928లో వచ్చింది. మనిషి పని అయిపోయిందని లోకం అనుకునే వయసులో మొదలుపెట్టి ఇంత రాసిన కవులు ఏ భాషలోనైనా అరుదు.

ఆ పద్యాల్లో పాట ముందే ఉంది. హార్డీ 1840లో డోర్సెట్‌లోని హయ్యర్ బాక్‌హాంప్టన్‌లో పుట్టాడు. తండ్రి ఇళ్లు కట్టే మేస్త్రీ, ఫిడేలు వాయించేవాడు. తాత, తండ్రి, తండ్రి సోదరుడు స్టిన్స్‌ఫర్డ్ చర్చి గ్యాలరీలో కూర్చుని ప్రార్థన గీతాలకు తీగవాద్యాలు వాయించిన కుటుంబం అది. చిన్నతనంలో హార్డీ కూడా ఊళ్లో పెళ్లిళ్లకు, నాట్యాలకు ఫిడేలు పట్టుకుని వెళ్లేవాడు. ఆ కాలంలోనే చర్చిల్లోకి హార్మోనియం, ఆర్గన్ వచ్చాయి. గ్యాలరీ వాద్యగాళ్లను ఇంటికి పంపేశారు. ఆ బాధనే 1872లో అండర్ ది గ్రీన్‌వుడ్ ట్రీ అనే నవల చేశాడు. ప్రార్థన గీతాల నడక, జానపద గాథల నడక ఆయన చెవిలో ఉండిపోయాయి. పద్యం రాసేటప్పుడు ఆ నడకలు వాటంతట అవే వచ్చాయి. అందుకే ఈయన పద్యం పట్టుకున్న స్వరకర్తకు లోపల ఎక్కడో ఒక ఫిడేలు వినపడుతుంది.

ఇక నిరాశావాదం. హార్డీ పద్యాల్లో దేవుడు వినడు, లేదా లేడు. ప్రేమించినవాళ్లు ఆలస్యంగా గుర్తిస్తారు. కాలం ఎవరినీ కనికరించదు. శ్మశానాలు చాలా ఉంటాయి, అందులో పడుకున్నవాళ్లు మాట్లాడుకుంటారు కూడా. ఇదంతా చూసి విమర్శకులు ఆ ముద్ర వేశారు. హార్డీకి ఆ మాట ఎప్పుడూ నచ్చలేదు. 1922లో ఒక పద్యాల పుస్తకానికి రాసిన ముందుమాటలో గట్టిగానే జవాబిచ్చాడు. లోకం మెల్లగానైనా మెరుగుపడగలదనే తాను నమ్ముతున్నానని, ఆ మెరుగుకు దారి వెతకాలంటే ముందు ఉన్న చెడునంతా కళ్లు తిప్పుకోకుండా చూడాలని ఆయన వాదన. రోగం పేరు చెప్పిన వైద్యుణ్ణి నిరాశావాది అనం కదా. 1928 జనవరి 11న హార్డీ పోయాడు. చితాభస్మాన్ని లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో కవుల మూలలో పెట్టారు. గుండెను వేరుగా తీసి, తండ్రీ తాతా తీగవాద్యాలు వాయించిన స్టిన్స్‌ఫర్డ్ చర్చి ఆవరణలో పాతిపెట్టారు.

అప్పటికి ఫింజీకి ఇరవై ఆరేళ్లు. ఆ ఇద్దరూ ఎప్పుడూ కలుసుకోలేదు.

ఫింజీ లండన్‌లో పుట్టాడు. ఇటలీ నుంచి వచ్చి స్థిరపడ్డ యూదు వంశం. తండ్రి ఓడల వ్యాపారంలో దళారీ. ఎనిమిదో పుట్టినరోజు రాకముందే తండ్రి పోయాడు. ముగ్గురు అన్నలు ఒకరి తర్వాత ఒకరు పోయారు, ఒకరు మొదటి ప్రపంచయుద్ధంలో. తల్లితో హారోగేట్ అనే ఊరికి వెళ్లినప్పుడు ఎర్నెస్ట్ ఫారర్ అనే యువ స్వరకర్త దగ్గర సంగీతం నేర్చుకోవడం మొదలుపెట్టాడు. గురువు సైన్యంలో చేరాడు. ఫ్రాన్సు యుద్ధరంగానికి చేరిన కొద్ది రోజులకే, 1918 సెప్టెంబరు 18న, చనిపోయాడు. ఇంకో ఎనిమిది వారాలకు యుద్ధం ఆగింది. శిష్యుడికి పదిహేడేళ్లు. ఆ వయసుకే ఇంట్లో మగవాళ్లెవరూ మిగల్లేదు, గురువూ మిగల్లేదు.

అలాంటి కుర్రవాడి చేతికి హార్డీ పద్యాలు వచ్చాయి. కాలం ఊరుకోదని, పోయినవాళ్లు తిరిగిరారని, అయినా వాళ్ల గొంతులు చెట్లలోంచి గాలిలోంచి వినిపిస్తూనే ఉంటాయని చెప్పే పద్యాలు. వాటిలో అతనికి నిరాశ కనిపించి ఉంటుందా? అంత చిన్న వయసులో అంతమందిని పోగొట్టుకున్నవాడికి "అన్నీ సర్దుకుంటాయి" అనే కవి కన్నా, "అవును, జరిగింది" అనే కవి దగ్గరవాడవుతాడు. హార్డీ తన మీద ప్రభావం చూపాడనడం కన్నా, చిన్ననాటి నుంచి ఆయనతో ఒక బంధుత్వం ఉన్నట్టు అనిపించేదని ఫింజీ తర్వాత చెప్పుకున్నాడు. ప్రభావానికి, బంధుత్వానికి ఉన్న తేడా మన ఇళ్లల్లో అందరికీ తెలుసు.

ఆ తరం ఇంగ్లిష్ స్వరకర్తల్లో ఇలా చీకటి కవుల వైపు వెళ్లినవాడు ఫింజీ ఒక్కడే కాదు. ఎ. ఇ. హౌస్‌మన్ 1896లో తెచ్చిన ఎ ష్రాప్‌షైర్ లాడ్ పద్యాలను సోమర్వెల్, వాన్ విలియమ్స్, ఐర్లాండ్, గర్నీ, ఇంకా ఎందరో పాటలు చేశారు. అందులో పల్లె కుర్రాళ్లు యుద్ధానికి వెళ్లి తిరిగిరారు. ఆ పద్యాలకు 1911లో అందరికన్నా అందంగా స్వరాలు కూర్చిన జార్జ్ బటర్‌వర్త్ 1916 ఆగస్టు 5న సోమ్ యుద్ధంలో చనిపోయాడు. అప్పటికి ముప్ఫై ఒక్క ఏళ్లు. పాటలో చెప్పింది పాడినవాడికే జరిగింది.

ఫింజీ పద్ధతి చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ పద్ధతిలోనే ఆయన మనసంతా ఉంది. ఒక అక్షరానికి ఒక స్వరం. దాదాపు ప్రతిచోటా ఇదే నియమం. మన కచేరీలో ఒక్క అక్షరం మీద గాయకుడు అరనిమిషం విహరిస్తాడు, ఆ విహారమే మనకు ఆనందం. ఫింజీ దగ్గర గాయకుడు విహరించడు, మాట్లాడతాడు. ఇంగ్లిష్ మాట నోట్లో ఎక్కడ బరువవుతుందో, ఎక్కడ తేలికవుతుందో, వాక్యం ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో అక్కడే స్వరమూ ఆ పని చేస్తుంది. కవి పెట్టిన ఒక్క మాటనూ రెండోసారి పాడించడు. పల్లవి కావాలని పద్యాన్ని తిరగేయడు. వినేవాడికి పద్యం మొత్తం, మొదటి మాట నుంచి చివరి మాట దాకా, ముక్కలు కాకుండా అందుతుంది. 1953లో లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో మాటల్ని స్వరకర్త ఎలా వాడాలన్న విషయం మీద ఆయన ఉపన్యాసాలిచ్చాడు. గొప్ప పద్యానికి సంగీతం అక్కర్లేదు, దాని జోలికి పోవద్దు అనే పెద్దల మాటను ఆయన ఒప్పుకోలేదు. పద్యం కదిలిస్తే దానితో ఒకటైపోవాలని, దాన్ని నలుగురితో పంచుకోవాలని అనిపించడం సహజమని ఆయన అభిప్రాయం.

ఒక పాటను దగ్గరగా చూద్దాం. 1936లో అచ్చయిన ఎర్త్ అండ్ ఎయిర్ అండ్ రెయిన్ అనే పది పాటల వరుసలో ఎనిమిదోది, ది క్లాక్ ఆఫ్ ది ఇయర్స్. ఒక భూతం ఒక మనిషి ముందు నిలబడి, కాలపు గడియారాన్ని వెనక్కి తిప్పుతానంటుంది. ఎక్కడ ఆపాలో మాత్రం నీ చేతిలో ఉండదంటుంది. ఆ మనిషికి అంతకన్నా ఏం కావాలి? పోయిన ఆమె తిరిగొస్తుంది కదా, సరేనంటాడు. గడియారం తిరుగుతుంది. ఆమె లేచి వస్తుంది, తాను చివరిసారి చూసిన వయసులో. మనిషి పొంగిపోతాడు. గడియారం ఆగదు. ఆమె ఇంకా చిన్నదవుతుంది, తాము మొదట కలిసిన నాటి పడుచవుతుంది. ఇక్కడ ఆపు అని మొత్తుకుంటాడు. ఆగదు. ఆమె బాలికవుతుంది, పసిపాపవుతుంది, చివరికి పుట్టనే లేదన్నట్టు మాయమవుతుంది. చనిపోయిన ఆమె జ్ఞాపకమైనా తన దగ్గర ఉండేది. ఇప్పుడు అదీ లేదు. నువ్వు కోరుకున్నదే కదా అంటుంది భూతం.

పియానో ఈ కథను ఉరుముతూ మొదలుపెడుతుంది. గడియారం వెనక్కి తిరిగే కొద్దీ సంగీతం మెత్తబడుతుంది, పలచబడుతుంది, పసితనం దగ్గరకు వచ్చేసరికి దాదాపు ఏమీ మిగలదు. భయపెట్టే శబ్దం కన్నా ఆ మెత్తదనమే ఎక్కువ భయపెడుతుంది. పోయినవాళ్లు వెనక్కి రావాలని కోరుకోని మనిషి ఉండడు. హార్డీ ఆ కోరికను నిజంగా తీర్చి చూపించాడు, తీరితే ఏమవుతుందో చూపించాడు. మరణం తీసుకుపోయింది సగమే. మిగతా సగం, అంటే జ్ఞాపకం, మన దగ్గర ఉంది. దాన్ని పోగొట్టుకుంటేనే నిజమైన చావు. ఇందులో నిరాశ ఎక్కడుందో మాకు కనిపించలేదు. జ్ఞాపకానికి ఇంత విలువ కట్టిన పద్యం ఇంకోటి వెతికి చూపించమనండి.

ఈ పద్యం అర్థం ఫింజీకి బాగా తెలుసని చెప్పడానికి ఆయన బతుకే సాక్ష్యం. పోయేవాటిని పట్టి ఉంచడమే ఆయన పనయింది. ఆపిల్ చెట్లు అందులో ఒకటి. ఐవర్ గర్నీ సంగతి ఇంకోటి. గర్నీ గ్లౌస్టర్ ఊరివాడు, కవి, స్వరకర్త. యుద్ధం నుంచి తిరిగొచ్చాక మతి చెదిరి 1922 నుంచి పిచ్చాసుపత్రిలోనే బతికాడు. కుర్రవాడిగా ఉన్నప్పుడు ఫింజీ గర్నీ పాట ఒకటి విని చలించిపోయాడు. మనిషిని ఎప్పుడూ కలవలేదు. అయినా భార్య జాయ్‌తో కలిసి, గర్నీ రాత కాగితాల గుట్టలను వరుసలో పెట్టే పనికి పూనుకున్నాడు. కొన్ని చోట్ల రాత తెలివిలో ఉన్నవాడిది, కొన్ని చోట్ల తెలివి తప్పినవాడిది. ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్నది ప్రతి కాగితం దగ్గరా తేల్చుకోవాల్సిందే. గర్నీ మీద ఒక సంగీత పత్రిక ప్రత్యేకంగా వ్యాసాలు వేసేలా చూశాడు. వాటి ప్రూఫులు ఆసుపత్రికి చేరేసరికి గర్నీకి చూసే ఓపిక లేదు. 1937 డిసెంబరు 26న పోయాడు. మరుసటి ఏడాది ఆయన పాటలు రెండు సంపుటాలుగా ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ నుంచి వచ్చాయి. గర్నీని ఇవాళ ఇంగ్లండు తన కవుల్లో ఒకడిగా లెక్కపెడుతోందంటే అందులో ఈ దంపతుల కష్టం ఉంది.

పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లిష్ సంగీతాన్ని అందరూ మర్చిపోయిన కాలంలో, ఫింజీ విలియం బాయిస్, జాన్ స్టాన్లీ వంటివాళ్ల పాత అచ్చు ప్రతులు వెతికి కొన్నాడు. వాటిలో నుంచి వాయించదగ్గ ప్రతులు తయారు చేశాడు. ఆ సేకరణ ఇప్పుడు సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో ఉంది. సొంతానికి కొనుక్కున్న మూడు వేల దాకా పుస్తకాలు, ఎక్కువగా ఇంగ్లిష్ కవిత్వం, రీడింగ్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. 1940 డిసెంబరులో, బాంబులు పడుతున్న చలికాలంలో, న్యూబరీ స్ట్రింగ్ ప్లేయర్స్ అని ఒక చిన్న వాద్యబృందం పెట్టాడు. ఎక్కువమంది సరదాకు వాయించేవాళ్లే. పల్లె చర్చిల్లో, బళ్లలో కచేరీలు చేసేవాళ్లు. చనిపోయేదాకా దాన్ని ఆయనే నడిపాడు. అదే యుద్ధకాలంలో జర్మనీ నుంచి, చెకోస్లొవేకియా నుంచి పారిపోయి వచ్చినవాళ్లకు యాష్మన్స్‌వర్త్ ఇంట్లో చోటిచ్చారు. పగలు ప్రభుత్వ రవాణా శాఖలో ఉద్యోగం. ఇంతమందికి ఇన్ని చేస్తూ తన పాటలకు ఎంత సమయం మిగిలి ఉంటుందో ఊహించవచ్చు. ఒక్కో పాట మొదలైన ఇరవై ఏళ్లకు పూర్తయిన సందర్భాలున్నాయి. నాలుగు చరణాలకు స్వరం కుదిరి, అయిదోది కుదరక సొరుగులో పడి ఉండేది.

1949లో వచ్చిన బిఫోర్ అండ్ ఆఫ్టర్ సమ్మర్ వరుసలో చానెల్ ఫైరింగ్ అనే పాట ఉంది. హార్డీ ఆ పద్యాన్ని 1914 ఏప్రిల్‌లో రాశాడు, యుద్ధానికి నాలుగు నెలల ముందు. సముద్రం మీద నౌకాదళం ఫిరంగులు పేల్చడం నేర్చుకుంటోంది. ఆ చప్పుడుకు చర్చి ఆవరణలో సమాధుల్లో ఉన్నవాళ్లు ప్రళయం వచ్చిందనుకుని లేచి కూర్చుంటారు. ఇంకా రాలేదు, పడుకోండి అంటాడు దేవుడు. లోకం మీ కాలంలో ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉందంటాడు. రెండు యుద్ధాలు చూసిన ఫింజీ దీన్ని పాట చేసినప్పుడు, పియానో ఎడమచేతిలో ఆ ఫిరంగి మోత పెట్టాడు. సమాధుల్లోవాళ్లు మాట్లాడుకునేటప్పుడు మాత్రం సంగీతం చాలా మామూలుగా, పొరుగింటివాళ్ల పలకరింపులా ఉంటుంది. ఫింజీ రాసిన పాటలన్నింటిలో మాకు ఇదే పెద్దది.

ఆయన లోపాలు లేనివాడని మేం చెప్పడం లేదు. పాటలు ఒకదాని వెంట ఒకటి పది వింటే, అన్నీ ఒకే సాయంకాలపు వెలుగులో ఉన్నట్టుంటాయి. టు లిజ్బీ బ్రౌన్ లాంటి పాటలో తీపి కాస్త ఎక్కువైందనే విమర్శను కొట్టిపారేయలేం. 1953లో బెంజమిన్ బ్రిటెన్ హార్డీ పద్యాలు ఎనిమిదింటిని వింటర్ వర్డ్స్ పేరుతో పాటలు చేశాడు. అందులో రైలు కూత ఉంది, పాత బల్ల కిర్రుమనడం ఉంది, స్టేషన్లో సంకెళ్లతో ఉన్న ఖైదీ ముందు ఫిడేలు వాయించే పిల్లవాడున్నాడు. బ్రిటెన్ చురుకు ఫింజీకి లేదు. బ్రిటెన్ హార్డీని కిటికీలోంచి చూసి ఉన్నదున్నట్టు గీశాడు. ఫింజీ ఆ ఇంట్లోనే పెరిగినవాడిలా పాడాడు. రెండూ కావలసినవే. హార్డీ గొంతు ఎలా ఉండేదో తెలుసుకోవాలనుకునేవాళ్లు మాత్రం ఫింజీ దగ్గరికే వెళ్లాలి.

1951లో వైద్యులు ఫింజీకి హాడ్జ్‌కిన్స్ వ్యాధి ఉందని, ఇక పదేళ్లకు మించి బతకడం కష్టమని చెప్పారు. అప్పటికి యాభై ఏళ్లు. ఆ సంగతి ఇంటివాళ్లకు తప్ప బయటివాళ్లకు దాదాపుగా తెలియనివ్వలేదు. ఉపన్యాసాలు, వాద్యబృందం, చెట్లు, బాయిస్ సంగీతం, ఏదీ ఆపలేదు. చెల్లో వాద్యానికి రాసిన కన్చెర్టోను 1955లో పూర్తి చేశాడు. 1956 సెప్టెంబరులో గ్లౌస్టర్ సంగీతోత్సవానికి వెళ్లినప్పుడు, పెద్ద స్నేహితుడు వాన్ విలియమ్స్‌ను వెంటబెట్టుకుని చోజెన్ కొండ మీది చర్చికి ఎక్కాడు. యువకుడిగా ఒక కొత్త సంవత్సరం రాత్రి ఆ కొండ మీద నిలబడి చుట్టూ పల్లెల గంటలు మోగుతుంటే విన్న చోటు అది. అక్కడి చర్చి సంరక్షకుడి ఇంట్లో పిల్లలకు ఆటలమ్మ పోసి ఉంది. చికిత్సతో బలహీనపడ్డ ఒంటికి అది సోకి, మెదడుకు పాకింది. సెప్టెంబరు 27న పోయాడు. ముందు రోజు రాత్రి ఆయన చెల్లో కన్చెర్టో రేడియోలో ప్రసారమైంది.

సొరుగుల్లో మిగిలిన పాటలను జాయ్, కొడుకు క్రిస్టఫర్, స్నేహితుడు హోవర్డ్ ఫెర్గూసన్ కూర్చుని వరుసలు కట్టారు. గర్నీకి ఫింజీ చేసిన పనినే ఫింజీకి వీళ్లు చేశారు. హార్డీ పాటలు ఇంకో రెండు వరుసలుగా 1958లో అచ్చయ్యాయి. ఒక పనివాడి తర్వాత ఇంకో పనివాడు కత్తి, కట్టు, పుల్ల పట్టుకుని వచ్చి నిలబడటం ఇది.

చివరిగా ఇంకొక్క పాట, ప్రౌడ్ సాంగ్‌స్టర్స్. 1936 వరుసలో ఆఖరిది. ఆ వరుసకు పేరు ఈ పద్యం చివరి పంక్తి నుంచే వచ్చింది. హార్డీ చనిపోయాక వచ్చిన పుస్తకంలోని పద్యం అది. వసంతంలో పొద్దు వాలుతుంటే పక్షులు గర్వంగా, చావన్నదే తెలియనట్టు పాడుతుంటాయి. కవి వాటిని చూసి ఏమనుకుంటాడు? ఇవి ఏడాది కింద లేవు, పిట్టలుగా లేవు. పొలంలో గింజలుగా, మట్టిగా, గాలిగా, వానగా ఉన్నాయి. అంతే పద్యం. ఇంకో ఏడాదికి మళ్లీ అలాగే అవుతాయన్న మాట కవి రాయలేదు, రాయనక్కర్లేదు. తానూ త్వరలో అదే మట్టిలో, అదే వానలో కలుస్తానన్నదీ రాయలేదు.

ఫింజీ ఇక్కడ గాయకుణ్ణి చాలాసేపు ఆపుతాడు. పియానో ఒక్కటే ముందు నడుస్తుంది, నెమ్మదిగా, దేన్నో గుర్తు చేసుకుంటున్నట్టు. గొంతు వచ్చాక పక్షుల పాటను అనుకరించడం లాంటిదేమీ లేదు. ఒక పెద్దాయన అరుగు మీద కూర్చుని మాట్లాడినట్టే ఉంటుంది. మట్టి, గాలి, వాన అనే చిన్న మాటల దగ్గరకు వచ్చేసరికి స్వరం నింపాదిగా, ఒక్కో మాటను చేత్తో తాకి పక్కన పెట్టినట్టు సాగుతుంది. గొంతు ఆగాక పియానో ఇంకొన్ని అడుగులు వేసి ఆగుతుంది. విన్నవాడి కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఆ నీళ్లు దుఃఖంవని మాత్రం చెప్పలేం.

ఇంగ్లిష్ రానివాళ్లూ వినవచ్చు. ముందు పద్యం అర్థం ఎవరినైనా అడిగి తెలుసుకోండి, తర్వాత వినండి. చాలామంది పాడినవి ఉన్నాయి, ఫోన్లోనే దొరుకుతాయి. ఈ సెప్టెంబరు 27 రాత్రి ఇంట్లో టీవీ కట్టేసి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కసారి పెట్టండి. మూడు నిమిషాల పాట అది.